న్యూట్రాన్ల దారిలో పెట్టే అయస్కాంతానికి ఏ సూపర్‌కండక్టర్ టేపు తీసుకోవాలి?

కేటలాగులో టేపు పక్కన రాసే ఆంపియర్లు కొత్త టేపువి. ఫ్యూజన్ రియాక్టర్ అయస్కాంతంలోనో, యాక్సిలరేటర్ టార్గెట్ పక్కనో పెట్టే టేపుకు ఆ అంకె మొదటి రోజుకే వర్తిస్తుంది. న్యూట్రాన్లు తగలడం మొదలయ్యాక కొన్ని టేపులు ముందు బాగుపడి ఆ తర్వాత చెడతాయి, కొన్ని దాదాపు మొదటి నుంచీ చెడతాయి. ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెండు రకాలు కూడా వేర్వేరుగా ప్రవర్తించవచ్చు. మా సలహా ఒకటే: టేపును మొదటి రోజు కరెంటును బట్టి కాదు, చివరి రోజున దానిలో మిగిలే టీసీని బట్టి ఎంచుకోండి. టీసీ అంటే పదార్థం అతివాహకంగా (సూపర్‌కండక్టర్‌గా) మారే ఉష్ణోగ్రత. ఐసీ అంటే నిరోధం రాకుండా టేపు మోయగల గరిష్ఠ కరెంటు. ఇకపై ఈ రెండు పొట్టి పేర్లే వాడతాం.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, జీవితకాలంలో అయస్కాంతానికి చదరపు మీటరుకు తగిలే మొత్తం వేగ న్యూట్రాన్లు. దీన్నే వేగ ఫ్లుయెన్స్ అంటారు. 0.1 మెగా ఎలక్ట్రాన్‌వోల్టు పైబడిన న్యూట్రాన్లనే ఇందులో లెక్కిస్తారు. లెక్క సులువే. అయస్కాంతం దగ్గర వేగ ఫ్లక్స్ (న్యూట్రాన్లు తగిలే రేటు) సెకనుకు చదరపు మీటరుకు 10¹⁴ ఉంటే, 3×10²² చేరడానికి 3×10⁸ సెకన్లు పడుతుంది, అంటే నిరంతరం పూర్తి శక్తితో నడిస్తే సుమారు తొమ్మిదిన్నర ఏళ్లు. పోల్చి చూసుకోవడానికి, అంతర్జాతీయ ఫ్యూజన్ రియాక్టర్ ఐటర్ టొరాయిడల్ కాయిళ్ల ఇన్సులేషన్‌కు పెట్టుకున్న హద్దు 10²². యూనిట్ల దగ్గర జాగ్రత్త. కొన్ని పేపర్లు చదరపు సెంటీమీటర్లలో, కొన్ని చదరపు మీటర్లలో రాస్తాయి. చ.సెం.మీ.కు 10¹⁸ అన్నా, చ.మీ.కు 10²² అన్నా ఒకటే. ఇక్కడ యూనిట్ రాయని ఫ్లుయెన్స్‌లన్నీ చ.మీ. లెక్కలోవే. ఈ పదివేల రెట్ల తేడాను మరిచి టేపును మెచ్చుకున్నవాళ్లూ తిట్టినవాళ్లూ ఉన్నారు.

రెండోది, థర్మల్ న్యూట్రాన్ల, అంటే బాగా నెమ్మదించిన న్యూట్రాన్ల వాటా. చాలామంది అడగడం మరిచేది ఇదే. షీల్డులో హైడ్రైడ్ ఎక్కువగా ఉంటే న్యూట్రాన్లు నెమ్మదిస్తాయి, థర్మల్ వాటా పెరుగుతుంది. బోరాన్ కార్బైడ్ పొర ఉంటే అది వాటిని మింగేస్తుంది. టేపులోని అరుదు మృత్తికను (ఇట్రియం, గాడొలీనియం, యూరోపియం లాంటి మూలకాన్ని) బట్టి ఈ ఒక్క అంకే ఎంపికను తలకిందులు చేస్తుంది.

మూడోది, నడిపే ఉష్ణోగ్రత, అయస్కాంత క్షేత్రం. 77 కెల్విన్ దగ్గర క్షేత్రం లేకుండా కొలిచిన మార్పును 20 కెల్విన్, 20 టెస్లాలకు అన్వయించకండి. టీసీ 92 కెల్విన్ ఉన్న టేపుకు 77 దగ్గర మిగిలే మార్జిన్ 15 కెల్విన్లే. టీసీ 5 కెల్విన్లు తగ్గితే అందులో మూడో వంతు పోయినట్టే. 20 కెల్విన్ దగ్గర అదే తగ్గుదల అంతగా కనబడదు. కాబట్టి 77 దగ్గర పాడైనట్టు కనిపించిన టేపు 20 దగ్గర ఇంకా బాగుపడే దశలోనే ఉండొచ్చు.

నాలుగోది, ఆ టేపు ఎంత రేడియోధార్మికంగా మారుతుంది, ఎన్నాళ్లు అలా ఉంటుంది అనేది. డిజైన్ చేసేవాళ్లకు ఇది చివర్లో గుర్తొస్తుంది. కొలిచేవాళ్లకు మొదటి రోజే అడ్డం పడుతుంది.

## న్యూట్రాన్ లోపల ఏం చేస్తుంది

వేగ న్యూట్రాన్ ఒక అణువును గట్టిగా కొడితే, ఆ అణువు చుట్టుపక్కల వాటిని కొట్టుకుంటూ పోయి, 2 నుంచి 6 నానోమీటర్ల వ్యాసం ఉన్న చిన్న అస్ఫటిక గుండును మిగులుస్తుంది. దాని చుట్టూ స్ఫటికం వంగి ఉంటుంది. వైబీసీఓలో (ఇట్రియం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడ్ అతివాహకం) ఫ్లుయెన్స్ 10²² చేరేసరికి ఘనపు మీటరుకు సుమారు 5×10²² గుండ్లు ఏర్పడతాయి. అతివాహకంలోకి చొచ్చుకొచ్చే అయస్కాంత సుడుల కేంద్రం పరిమాణం కూడా కొన్ని నానోమీటర్లే. అందుకే ఈ గుండ్లు సుడులను కదలకుండా పట్టేస్తాయి. దీన్ని పిన్నింగ్ అంటారు. సుడులు కదిలితేనే నిరోధం పుడుతుంది కాబట్టి ఐసీ పెరగడానికి కారణం ఇదే.

దీంతోపాటు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు కూడా సరిగా అందని చిన్న లోపాలు బోలెడు ఏర్పడతాయి: చోటు తప్పిన ఆక్సిజన్ అణువులు, ఖాళీలు, ఒకటి రెండు అణువుల గుంపులు. వైబీసీఓ లాంటి రాగి ఆక్సైడ్ అతివాహకాల్లో (కుప్రేట్లలో) నిరోధం లేకుండా కరెంటును మోసే ఎలక్ట్రాన్ జంటల తరంగరూపం డీ-తరంగం, దిశను బట్టి దాని గుర్తు మారుతుంది. కాబట్టి అయస్కాంత స్వభావం లేని మామూలు లోపం మీద చెదిరినా జంట విడిపోతుంది. టీసీ తగ్గుతుంది, జంటల సాంద్రత తగ్గుతుంది, సుడిని పట్టి ఉంచే శక్తి కూడా దాంతోపాటే పడిపోతుంది. వైబీసీఓలో వేగ న్యూట్రాన్ల వల్ల టీసీ తగ్గుదల ఫ్లుయెన్స్ 10²²కు సుమారు 2 నుంచి 3 కెల్విన్లు.

ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. మొదట్లో పిన్నింగ్ గెలుస్తుంది, తర్వాత జంటల నష్టం గెలుస్తుంది. ఐసీ గీత ఎక్కి, శిఖరం చేరి, దిగుతుంది. టేపుల మధ్య అసలు తేడా ఆ శిఖరం ఎక్కడ వస్తుందన్నదే.

## ఒక్కొక్క టేపు

కృత్రిమ పిన్నింగ్ లేని, ఇట్రియం ఆధారిత టేపు. న్యూట్రాన్ల దగ్గర మా మొదటి ఎంపిక ఇదే. ఇట్రియం థర్మల్ న్యూట్రాన్లను దాదాపు పట్టించుకోదు, దాని గ్రహణ క్రాస్‌సెక్షన్ (న్యూట్రాన్‌ను మింగే అవకాశానికి కొలత) సుమారు 1.3 బార్న్‌లు. 30 కెల్విన్, 15 టెస్లాల దగ్గర ఇలాంటి టేపుల ఐసీ సుమారు 2 నుంచి 3×10²² వరకు పెరుగుతూ పోతుంది. తర్వాతే దిగడం మొదలు. క్షేత్రం టేపుకు లంబంగా ఉన్నప్పుడు లాభం ఎక్కువ, టేపు తలానికి సమాంతరంగా ఉన్నప్పుడు తక్కువ, ఒక్కోసారి నష్టం కూడా. గుండ్లు అన్ని దిక్కులా ఒకేలా పట్టుకుంటాయి కాబట్టి కోణాన్ని బట్టి ఉండే ఎగుడుదిగుళ్లు చదునవుతాయి. డిజైన్‌లో కనీస ఐసీ కోణాన్ని వాడేవాళ్లకు ఇది కలిసొచ్చే విషయం. పొరలో సహజంగా ఏర్పడే ఇట్రియం ఆక్సైడ్ కణాలున్న టేపులు కూడా దాదాపు ఈ కోవలోకే వస్తాయి. అరుదు మృత్తిక అదే ఇట్రియం కావడం వల్ల థర్మల్ భయం లేదు.

బేరియం జిర్కొనేట్ లాంటి నానో స్తంభాలున్న టేపు. కొత్తగా ఉన్నప్పుడు క్షేత్రంలో ఇదే ముందుంటుంది. సుమారు 5 నానోమీటర్ల మందం స్తంభాలు పొర అడుగు నుంచి పైదాకా నిలబడి సుడులను పట్టుకుంటాయి. అయితే పట్టుకునే చోట్లు అప్పటికే నిండుగా ఉన్నందున న్యూట్రాన్ గుండ్లు అదనంగా చేయగలిగేది తక్కువ, జంటల నష్టం మాత్రం అంతే జరుగుతుంది. ఫలితంగా పెరుగుదల కొద్దిగా ఉంటుంది, శిఖరం ముందే వస్తుంది, మొదటి విలువకు దిగువకు పడిపోవడం కూడా ముందే. స్తంభాల దిశలో ఉండే ఐసీ శిఖరం అరిగిపోతుంది. అలాగని దీన్ని పక్కన పడేయనక్కర్లేదు. జీవితకాల ఫ్లుయెన్స్ 10²²కు బాగా దిగువన ఉండే అయస్కాంతానికి మొదటి రోజు లాభం చాలావరకు నిలుస్తుంది. తప్పెక్కడంటే, ఇదే టేపును 3×10²² పనికి తీసుకుని, కేటలాగు ఐసీని చివరి రోజుదాకా లెక్కలో ఉంచుకోవడం.

గాడొలీనియం ఆధారిత టేపు. మార్కెట్లో సులువుగా దొరుకుతుంది, పెరుగుదల ప్రక్రియకు అనుకూలం, ఐసీ కూడా బాగుంటుంది. చిక్కంతా ఒక్క మూలకంలో ఉంది. సహజ గాడొలీనియం థర్మల్ క్రాస్‌సెక్షన్ సుమారు 49,000 బార్న్‌లు. అందులో గాడొలీనియం-157 ఒక్కదానిదే సుమారు 2,54,000. లెక్క వేసి చూడండి. థర్మల్ ఫ్లుయెన్స్ 10²² అయ్యేసరికి ఇట్రియం అణువుల్లో పది లక్షలకు ఒకటో రెండో న్యూట్రాన్‌ను మింగుతాయి. గాడొలీనియంలో దాదాపు ప్రతి ఇరవైలో ఒకటి మింగుతుంది. మింగిన కేంద్రకం గామా కిరణాలు వదిలి వెనక్కి తన్నుకుంటుంది. ఆ తన్నుడు శక్తి సుమారు 30 ఎలక్ట్రాన్‌వోల్టులు. గుండు చేయడానికి అది చాలదు, అణువును చోటు తప్పించడానికి సరిపోతుంది. అంటే పిన్నింగ్ లాభం దాదాపు లేకుండా, జంటలను విడదీసే చిన్న లోపాలే పుట్టుకొస్తాయి. టీసీ తగ్గుదల వేగ న్యూట్రాన్లొక్కటే ఉన్నప్పటి కంటే అనేక రెట్లు ఎక్కువ.

కొలతల్లో ఒక మెలిక ఉంది. వైబీసీఓ లాంటి పొరలో గాడొలీనియం సాంద్రతను బట్టి చూస్తే థర్మల్ న్యూట్రాన్ సగటున 35 మైక్రోమీటర్ల దాకా చొచ్చుకుపోతుంది. అతివాహక పొర మందం 2 మైక్రోమీటర్లు. కాబట్టి విడి టేపులో పొరంతా సమంగా దెబ్బతింటుంది. అదే టేపులను ఇరవై దాకా దొంతరగా పేర్చి కేబుల్ చేస్తే, ఒకవైపు నుంచి వచ్చే థర్మల్ న్యూట్రాన్లలో సగానికి పైగా దొంతరలోనే ఆగిపోతాయి, బయటి టేపులకే ఎక్కువ తగులుతాయి. లోపలివి ఎక్కువ కాలం బతుకుతాయి, బయటివి ముందే పోతాయి. విడి టేపు ఫలితం చూపించి కేబుల్ మొత్తం పనికిరాదనడం ఎంత తప్పో, కేబుల్ సగటు చూపించి బయటి టేపును మరవడం కూడా అంతే తప్పు.

థర్మల్ న్యూట్రాన్లు దాదాపు చేరని చోట గాడొలీనియం టేపు ఇట్రియం టేపులాగే ప్రవర్తిస్తుంది. తయారీదారు ఇట్రియం, గాడొలీనియం కలిపి వాడి ఉంటే ఎంత శాతమో రాతపూర్వకంగా అడగండి. ‘ఆర్ఈబీసీఓ’ (ఏదో ఒక అరుదు మృత్తికతో చేసిన వైబీసీఓ జాతి పదార్థం) అన్న పేరు ఈ విషయంలో ఏమీ చెప్పదు.

యూరోపియం ఆధారిత టేపు. సాధారణంగా బేరియం హాఫ్నేట్ స్తంభాలతో వస్తుంది. తక్కువ ఉష్ణోగ్రతల్లో ఐసీ చాలా బాగుంటుంది. థర్మల్ క్రాస్‌సెక్షన్ సుమారు 4,500 బార్న్‌లు, గాడొలీనియంలో పదో వంతు. నష్టం కూడా ఆ నిష్పత్తిలో తగ్గుతుందనుకుని సంతోషించే ముందు రెండు సంగతులు చూడాలి. ఒకటి, పరీక్షల్లో థర్మల్ న్యూట్రాన్లను ఆపడానికి వాడే కాడ్మియం రేకు ఆపలేని ఎపిథర్మల్ శక్తుల్లోనూ (థర్మల్ కంటే కాస్త పైవి) యూరోపియానికి గట్టి రెసొనెన్స్‌లున్నాయి, అంటే అక్కడ న్యూట్రాన్లను బాగా మింగుతుంది. రెండు, యూరోపియం-152 అర్ధాయుష్షు 13.5 ఏళ్లు. 26 మి.మీ. పొడవు, 4 మి.మీ. వెడల్పు ముక్కలో 2 మైక్రోమీటర్ల పొర ఉంటే, థర్మల్ ఫ్లుయెన్స్ 10²² తర్వాత ఈ ఒక్క ఐసోటోపు నుంచే సుమారు 5 మెగాబెకరెల్ (సెకనుకు యాభై లక్షల కేంద్రక విఘటనలు) వస్తుంది. ల్యాబ్ బల్ల మీద పెట్టుకుని కొలవాల్సిన నమూనా అది. రెండేళ్లు ఆగినా పెద్దగా తగ్గదు.

బిస్మత్ ఆధారిత తీగలు. 2223 రకం టేపైనా 2212 రకం గుండ్రటి తీగైనా వీటి కథ వేరు. సహజ పిన్నింగ్ బలహీనం కాబట్టి గింజల లోపల న్యూట్రాన్లు చేసే మేలు పెద్దదే. కానీ కరెంటు ఒక గింజ నుంచి మరో గింజకు దాటాలి, ఆ సంధులు దెబ్బతింటాయి. అందుకే 77 కెల్విన్ దగ్గర క్షేత్రం లేనప్పుడు ఐసీ తగ్గి, క్షేత్రంలో పెరిగినట్టు కనిపిస్తుంది. అసలు తలనొప్పి వెండి తొడుగు. థర్మల్ ఫ్లుయెన్స్ 10²² తర్వాత గ్రాము వెండిలో వెండి-110ఎం సుమారు 350 మెగాబెకరెల్ ఉంటుంది, అర్ధాయుష్షు 250 రోజులు. ఇంతకు ముందు చెప్పిన ఇట్రియం, యూరోపియం లాంటి పూత టేపుల చిన్న ముక్కలో వెండి మూడు మిల్లీగ్రాములే కాబట్టి అక్కడ ఇది ఒక మెగాబెకరెల్ దగ్గర ఆగుతుంది. పైగా బిస్మత్ న్యూట్రాన్‌ను మింగి కొన్ని రోజుల్లో పొలోనియం-210 అవుతుంది. గ్రాము బిస్మత్‌కు కొన్ని మెగాబెకరెల్‌ల ఆల్ఫా మూలం అది. అలాంటి తీగను కత్తిరించడం, సానబట్టడం మామూలు ఫ్యూమ్ హుడ్‌లో చేసే పని కాదు.

మెగ్నీషియం డైబోరైడ్. ఇది కుప్రేట్ కాదు, టీసీ 39 కెల్విన్లే. ఖర్చు తక్కువని అడుగుతారు కాబట్టి చెబుతున్నాం. బోరాన్-10 థర్మల్ క్రాస్‌సెక్షన్ 3,840 బార్న్‌లు, సహజ బోరాన్‌లో దాని వాటా అయిదో వంతు. మింగిన ప్రతిసారీ ఆల్ఫా, లిథియం కలిసి 2.3 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులతో దూసుకుపోతాయి. సహజ బోరాన్‌తో చేసిన తీగను థర్మల్ న్యూట్రాన్ల దగ్గర వాడకండి. బోరాన్-11తో సుసంపన్నం చేసిన పొడి వాడితే సమస్య చాలావరకు తీరుతుంది, ఖర్చు తక్కువన్న కారణం మాత్రం మిగలదు.

నియోబియం-టిన్ కూడా కుప్రేట్ కాదు. పోలికకు ఒక మాట: దాని ఐసీ కూడా ఎక్కి దిగుతుంది. అయితే టీసీ 18 కెల్విన్లే కావడంతో తగ్గడానికి జాగా తక్కువ.

| రకం | 3×10²² వేగ న్యూట్రాన్ల తర్వాత | థర్మల్ న్యూట్రాన్లకు | నిలిచే రేడియోధార్మికత |
|---|---|---|---|
| ఇట్రియం, స్తంభాలు లేనిది | తక్కువ ఉష్ణోగ్రతలో మొదటి విలువ దగ్గరో పైనో | దాదాపు చలించదు | ఆధార లోహంలోని కోబాల్ట్, వెండి |
| ఇట్రియం, స్తంభాలున్నది | మొదటి విలువకు దిగువకు రావచ్చు | దాదాపు చలించదు | అవే |
| గాడొలీనియం | థర్మల్ లేకపోతే ఇట్రియంలాగే | చాలా ఎక్కువ నష్టం | అవే, వాటితో గాడొలీనియం-153 |
| యూరోపియం, స్తంభాలున్నది | స్తంభాల టేపులాగే | మధ్యస్థం, కాడ్మియం పూర్తిగా ఆపదు | యూరోపియం-152, 154, ఏళ్ల తరబడి |
| బిస్మత్ తీగలు | క్షేత్రాన్ని బట్టి రెండు వైపులా | క్రాస్‌సెక్షన్ తక్కువ | వెండి-110ఎం, పొలోనియం-210 |

ఆధార లోహం గురించి ఒక ముక్క. చాలా టేపులు హేస్టెలాయ్ సీ-276 పట్టీ మీద పెరుగుతాయి. ఆ మిశ్రమం ప్రమాణం కోబాల్ట్‌ను 2.5 శాతం దాకా అనుమతిస్తుంది. కోబాల్ట్-60 అర్ధాయుష్షు 5.27 ఏళ్లు. రెండు తయారీదారులు మిగతా అన్నిటిలో సమానంగా ఉంటే, పట్టీ లాటు కోబాల్ట్ విశ్లేషణ ఇచ్చేవాళ్ల దగ్గర కొనండి.

## పరీక్షకు ఏ దారి

రియాక్టర్, షీల్డు లేకుండా. వియన్నాలోని ఆటమ్‌ఇన్‌స్టిట్యూట్ ట్రిగా రియాక్టర్ ఈ రంగంలో చాలా ఫలితాలకు పుట్టిల్లు. అక్కడి కేంద్ర స్థానానికి పేపర్లలో కనిపించే విలువలు సెకనుకు చదరపు మీటరుకు 7.6×10¹⁶ వేగ, 6.1×10¹⁶ థర్మల్ న్యూట్రాన్లు. అంటే 10²² వేగ ఫ్లుయెన్స్‌కు సుమారు 36 గంటలు. థర్మల్ దాదాపు అంతే వస్తుంది కాబట్టి ఇట్రియం టేపుకు ఇది చాలు, గాడొలీనియం టేపుకు మీ అయస్కాంతంలో ఉండబోయే దాని కంటే ఘోరమైన పరిస్థితి కావచ్చు.

రియాక్టర్, కాడ్మియం తొడుగుతో. ఒక మిల్లీమీటరు కాడ్మియం రేకు థర్మల్ న్యూట్రాన్లను లక్షలో ఒకటి స్థాయికి దించుతుంది. అర మిల్లీమీటరైతే వెయ్యికి మూడు దాటుతాయి. కోత సుమారు 0.5 ఎలక్ట్రాన్‌వోల్టు దగ్గర, అంతకు పై శక్తివి చాలావరకు దాటిపోతాయి. కాడ్మియం విషపదార్థం, 321 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, తనూ రేడియోధార్మికమవుతుంది, రియాక్టర్ రియాక్టివిటీని తగ్గిస్తుంది. అందుకే రియాక్టర్ వాళ్ల అనుమతి ముందే కావాలి. గాడొలీనియం టేపును కాడ్మియంతో ఒకటి, లేకుండా ఒకటి పెట్టి, రెండింటి తేడా చూస్తే థర్మల్ నష్టం విడిగా తెలిసిపోతుంది. ఈ రంగంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ చెప్పే ప్రయోగం ఇదే అనుకుంటాం.

ప్రోటాన్లు. గంటల్లో పని అవుతుంది, రేడియోధార్మికత తక్కువ, నమూనాను 20 నుంచి 40 కెల్విన్ల దగ్గరే ఉంచి కొలవొచ్చు. రియాక్టర్‌లో నమూనా వెచ్చగా ఉంటుంది కాబట్టి కొన్ని లోపాలు పుట్టిన వెంటనే మానిపోతాయి. చల్లటి అయస్కాంతంలో అవి మానవు. ఈ తేడా చూపగలగడం ప్రోటాన్ల బలం. బలహీనతలు మూడు. 1.2 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల ప్రోటాన్ 20 మైక్రోమీటర్ల రాగిని దాటదు, రాగి తీసేయాలి. గుండ్లు తక్కువ, చిన్న లోపాలు ఎక్కువ. పుంజం నడుస్తుండగా కొలిస్తే ఐసీ పడిపోతుంది, అందులో ప్రధాన భాగం పుంజం వేడి వల్లే. దాన్ని న్యూట్రాన్ నష్టంగా రాసేయకండి.

భారీ అయాన్లు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ పెల్లెట్రాన్‌లో 200 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల వెండి అయాన్లతో వైబీసీఓ పొరల మీద పని జరిగింది. మన దేశంలో ఉన్నవాళ్లకు అందుబాటులో ఉన్న దారి. అక్కడ శక్తి నష్టం నానోమీటరుకు సుమారు 25 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు. అంతుంటే అయాన్ పొడవునా అస్ఫటిక సొరంగం పడుతుంది. పిన్నింగ్ భౌతికశాస్త్రానికి ఇది శుభ్రమైన సాధనం. చదరపు సెంటీమీటరుకు 4.8×10¹⁰ అయాన్లు పడితే ఒక టెస్లా దగ్గర సుడికో సొరంగం చొప్పున సరిపోతుంది. కానీ న్యూట్రాన్ నష్టానికి ఇది బదులు కాదు, సొరంగం వేరు, గుండు వేరు.

గామా గురించి కూడా అడుగుతారు. కోబాల్ట్-60 గామాలో ఉంచి ఐసీ కొలిచినప్పుడు చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. గామాకు భయపడాల్సింది టేపు కాదు, ఎపాక్సీ. ఐటర్ ఇన్సులేషన్‌కు 10 మెగాగ్రే హద్దు పెట్టుకుని, సయనేట్ ఎస్టర్ మిశ్రమం వాడింది అందుకే.

## నమూనా పెట్టే ముందు, తీసిన తర్వాత

ఒకే ముక్కను ముందూ వెనకా కొలవండి. రీల్ పొడవునా ఐసీ మారుతూ ఉంటుంది, పక్క ముక్కతో పోలిస్తే ఆ తేడా మీ ఫలితాన్నే మింగేయొచ్చు. ఇంకో ముక్కకు న్యూట్రాన్లు తప్ప మిగతా అన్నీ చేయండి: చుట్టడం, టంకం, చల్లబరచడం, వెచ్చబరచడం. ఐసీ పడిపోయిన నమూనాల్లో కొన్ని న్యూట్రాన్ల వల్ల కాదు, పొరలు ఊడటం వల్ల పడిపోతాయి. అది పట్టించేది ఈ ముక్కే.

టంకం న్యూట్రాన్లలోకి వెళ్లకూడదు. ముఖ్యంగా ఇండియం: అది న్యూట్రాన్లను బాగా మింగుతుంది, ఇండియం-114ఎం యాభై రోజుల అర్ధాయుష్షుతో వేధిస్తుంది. ముందు కొలతకు ఒత్తిడి కాంటాక్టులు వాడండి, టంకం తర్వాత వేయండి. ముక్కను పలుచని అల్యూమినియం రేకులో చుట్టి క్వార్ట్జ్ గొట్టంలో పెట్టండి. పక్కనే ఒక నికెల్ రేకు ఉంచండి. దానిలో పుట్టే కోబాల్ట్-58ను గామా స్పెక్ట్రోమీటర్‌లో లెక్కించి వేగ ఫ్లుయెన్స్ తేల్చవచ్చు. థర్మల్‌కు రెండు బంగారు రేకులు పెట్టండి, ఒకటి విడిగా, ఒకటి కాడ్మియంలో. రియాక్టర్ శక్తిని గంటలతో గుణించి ఫ్లుయెన్స్ రాసేయడం వద్దు. కోర్ ఇంధనం మారితే ఫ్లక్స్ మారుతుంది.

మోతాదును దశల్లో ఇవ్వండి: మొత్తం 0.3, 1, 2, 3, 4×10²² దగ్గర ఆగి కొలవండి. మొదటి, చివరి రెండే కొలిస్తే శిఖరం మధ్యలో జారిపోతుంది. సమానంగా ఉన్నట్టు కనిపించే ఆ రెండు అంకెలు ఒకటి ఎక్కుడులోదీ, ఒకటి దిగుడులోదీ కావచ్చు. తీసిన వెంటనే ముట్టుకోకండి. రాగి-64 అర్ధాయుష్షు 12.7 గంటలు, వారం ఆగితే పదివేలో వంతుకు వస్తుంది. తర్వాత మిగిలేవి వెండి, క్రోమియం-51, కోబాల్ట్‌లు.

ప్రతి దశలో టీసీ కూడా కొలిచి, ఐసీని ఫ్లుయెన్స్‌కు ఎదురుగా కాక టీసీ తగ్గుదలకు ఎదురుగా గీయండి. కాడ్మియం ఉన్నవి, లేనివి, ప్రోటాన్లు తగిలినవి, ఇలా వేర్వేరు స్పెక్ట్రాల నమూనాలను ఒకే కాగితం మీద పోల్చుకోవడానికి దారి ఇదే. ఐసీ కొలిచేది సెంటీమీటరుకు ఒక మైక్రోవోల్టు ప్రమాణంతో. వీలైతే 30 కెల్విన్, 15 టెస్లాల దగ్గర కొలవండి, కుదరకపోతే కనీసం 77 కాకుండా 50 దగ్గరైనా.

## ఎవరికి ఏది

ఫ్యూజన్ ప్రధాన కాయిల్ డిజైన్ చేస్తూ 10²² దాటబోతున్నవాళ్లు స్తంభాలు లేని ఇట్రియం టేపుతో మొదలుపెట్టండి. మొదటి రోజు ఐసీ కొంత తక్కువైతే, ఆ మేరకు టేపు ఎక్కువ పెట్టండి. స్తంభాల టేపుతో అంత కొనక్కర్లేదని ఎవరైనా చెబితే, 3×10²² తర్వాతి కొలత చూపించమనండి.

పరిశోధన కాయిల్, ప్లాస్మా ప్రయోగం, తక్కువ రోజులు నడిచే యంత్రం అయితే స్తంభాల టేపు తీసుకోవచ్చు, డబ్బు ఆదా అవుతుంది. గాడొలీనియం టేపు చవగ్గా వస్తుంటే, న్యూట్రాన్ లెక్కలు చేసేవాళ్లను కాయిల్ దగ్గర థర్మల్ ఫ్లుయెన్స్ ఒక్క అంకె అడగండి. అది 10²⁰ దగ్గరుంటే రెండు వేలలో ఒక గాడొలీనియం అణువే తగులుతుంది, ధైర్యంగా కొనండి. 10²¹ దాటితే కొనొద్దు.

ప్రాజెక్టు కోసం నమూనా ఎంచుకునే పరిశోధక విద్యార్థులు యూరోపియం, బిస్మత్ జోలికి పోకపోవడం మంచిది. థీసిస్ గడువు కంటే ఆ నమూనాలు చల్లారే గడువు ఎక్కువ.

## వేడిచేసి బాగుచేయవచ్చా

దెబ్బతిన్న టేపును ఆక్సిజన్ ప్రవాహంలో 150 నుంచి 400 డిగ్రీల మధ్య వేడిచేస్తే టీసీ కొంత తిరిగొస్తుంది, చిన్న లోపాలు మానుతాయి, గుండ్లు చాలావరకు నిలుస్తాయి. కాగితం మీద ఇది చాలా ఆకర్షణీయం: నష్టం పోతుంది, పిన్నింగ్ ఉంటుంది. ఆక్సిజన్ లేకుండా, వాక్యూమ్‌లోనో నైట్రోజన్‌లోనో ఆ ఎగువ ఉష్ణోగ్రతలకు వెళ్తే మాత్రం పొరలోంచి ఆక్సిజన్ బయటికి పోయి, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

విడి టేపుకు సాధ్యమైంది చుట్టిన కాయిల్‌కు సాధ్యం కాదు. తగరం-సీసం టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎపాక్సీ అంతకు ముందే మెత్తబడుతుంది. రాగి పూత చుట్టూ మూసి ఉన్న టేపు లోపలికి ఆక్సిజన్ చేరడమే కష్టం. కాబట్టి డిజైన్‌లో లెక్కకు తీసుకోదగింది ఒకటే: నిర్వహణ కోసం అయస్కాంతాన్ని గది ఉష్ణోగ్రతకు తెచ్చిన ప్రతిసారీ జరిగే కొద్దిపాటి కోలుకోవడం. రియాక్టర్‌లో వెచ్చగా పరీక్షించిన నమూనాల ఫలితంలో అది అప్పటికే కలిసి ఉంటుంది, మళ్లీ విడిగా కలపకండి.